విమర్శకులు ఆకాశానికెత్తిన పియానో, కోయిర్, ఆర్గన్ రికార్డింగులను నమ్మి కొనొచ్చా?

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కొత్తగా వింటున్నానని, పత్రికల్లో బాగుందని రాసినవి చూసి కొనుక్కుంటే సరిపోతుందా అని అడిగారు. కొనుక్కోండి, నష్టమేమీ లేదు. కాకపోతే సమీక్షలో పొగడ్తలున్న వాక్యాలు వదిలేసి మిగతావి చదవండి. నేను చేసేది అదే.

నేనుండేది ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్లో. ఇక్కడ చాలా ఊళ్లకు రికార్డెడ్ మ్యూజిక్ సొసైటీలు ఉంటాయి. పేరు ఘనంగా ఉంటుంది గానీ, చర్చి హాల్లో కూర్చుని సీడీలు వినడం, టీ తాగడం, పోట్లాడుకోవడం, అంతే. తలలన్నీ నెరిసినవే. నల్లజుట్టువాణ్ని నేనొక్కణ్నే కాబట్టి బిస్కెట్ల పళ్లెం ముందు నా దగ్గరికే వస్తుంది.

ఒకసారి లెక్కల టీచరుగా రిటైరైన ఒకాయన మూడు సీడీలకు న్యూస్‌పేపర్ చుట్టి పట్టుకొచ్చారు. మూడింట్లోనూ ఒకటే: జర్మన్ స్వరకర్త బాఖ్ ఆర్గన్ కోసం రాసిన ట్రియో సొనాటాల్లో మొదటిదాని మొదటి భాగం. ఆర్గన్ అంటే చర్చిల్లో ఉండే, గొట్టాల్లోంచి గాలితో పలికే పెద్ద వాద్యం. కుడిచెయ్యి ఒక పాట, ఎడమచెయ్యి ఇంకో పాట, పాదాలు కిందున్న మీటల మీద మూడోది, మూడూ ఒకేసారి. ఎవరు వాయించారో చెప్పను, ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో కాగితం మీద రాయండి అన్నారు.

మొదటిది మహా జోరుగా ఉంది. పెద్ద చర్చి, బోలెడు గుంయిగుంయి. రెండోది మెత్తగా ఉంది, మర్యాదస్తుడు వాయించినట్టు. మూడోదాంట్లో హడావిడి లేదు, అలంకారం లేదు. ఒక్కో గొంతు, అంటే ఒక్కో పాట వరుస, విడిగా, శుభ్రంగా వినబడుతోంది. నేను మూడోదే రాశాను. నా పక్కనున్న పెద్దావిడ "కుట్టుమిషన్" అని రాసి నాకు చూపించి నవ్వారు. పాత సంగీత పత్రికలన్నీ బైండు చేయించి ఇంట్లో దాచుకున్న ఒకాయన ఉన్నారు, ఏ రికార్డుకు ఏ ఏడాది ఏ అవార్డొచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆయనైతే గట్టిగానే అనేశారు, పాఠం అప్పజెప్పినట్టుంది, ప్రాణం లేదు అని.

అప్పుడు టీచరుగారు పేపరు విప్పారు. మూడోది హెల్ముట్ వాల్ఖా. యవ్వనంలోనే చూపు పూర్తిగా పోయిన జర్మన్ ఆర్గనిస్టు. ఇంట్లోవాళ్లు ఒక్కో గొంతూ విడివిడిగా వాయిస్తుంటే విని, గుర్తుపెట్టుకుని, మనసులో కలుపుకుని బాఖ్ ఆర్గన్ రచనలన్నీ నేర్చుకున్నాడు. ఇది హాలండ్‌లో ఆల్క్‌మార్ ఊరి పెద్ద చర్చిలో 1956లో చేసిన రికార్డింగు.

ఇక చూడాలి ఆ గదిని. బైండు పుస్తకాలాయన ముందుకు వంగి, "అదీ సంగతి! లోచూపు ఉన్నవాడు తప్ప ఇలా ఎవడు వాయిస్తాడు" అన్నారు. పెద్దావిడ మళ్లీ పెట్టమన్నారు. పెట్టారు. ఈసారి కళ్లు మూసుకుని విన్నారు, చివర్లో రుమాలు కూడా తీశారు. అదే సీడీ, అవే స్పీకర్లు. ఆవిడ కాగితం మీద కుట్టుమిషన్ అలాగే ఉంది.

వాళ్లను ఎగతాళి చేయడానికి ఇది చెప్పడం లేదు. డబ్బు తీసుకుని సమీక్షలు రాసేవాళ్లు కూడా సరిగ్గా ఇదే చేశారు, అదీ అచ్చులో. జాయిస్ హాటో అని ఇంగ్లిష్ పియానిస్టు ఉండేవారు. 1970ల్లోనే కచేరీలు మానేశారు. క్యాన్సర్‌తో పోరాడుతూ కూడా రికార్డింగులు చేస్తోందని భర్త విలియమ్ బారింగ్టన్-కూప్ చెప్పేవాడు. ఆయన సొంత లేబుల్ మీద వందకు పైగా సీడీలు వచ్చాయి. షోపాన్, లిస్ట్, రాక్‌మానినోవ్ లాంటి స్వరకర్తల రచనల్లో ఆవిడ వాయించనిది లేదు. విమర్శకులు పరవశించిపోయారు. 2006లో ఆవిడ పోయారు. 2007 ఫిబ్రవరిలో ఎవరో ఆవిడ లిస్ట్ సీడీని కంప్యూటర్‌లో పెడితే, ఐట్యూన్స్ అది లాస్లో షిమొన్ అనే వేరే పియానిస్టుదని చూపించింది. ట్రాకుల నిడివిని బట్టి డిస్కును గుర్తుపట్టే డేటాబేస్ అది, దానికి భక్తి లేదు, జాలి లేదు. తర్వాత శబ్ద తరంగాలు పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చంగా ఒకటే. కొన్నిచోట్ల వేగం కాస్త మార్చారంతే. లండన్‌లో షోపాన్ మజుర్కాలనే చిన్న పియానో రచనల మీద పరిశోధన చేస్తున్నవాళ్లకు కూడా ఆవిడ మజుర్కాలు యూజిన్ ఇంజిక్ అనే పియానిస్టువేనని విడిగా తేలింది. చివరికి భర్త ఒప్పుకున్నాడు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది రాక్‌మానినోవ్ మూడో పియానో కాన్సెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే రచన) కథ. యెఫిమ్ బ్రాన్ఫ్‌మన్ పేరుతో వచ్చినప్పుడు ఇందులో ఆవేశం చాలదన్న విమర్శకుడే, అదే రికార్డింగు హాటో పేరుతో వస్తే గొప్పదన్నాడు. చెవి చెడ్డది కాదు పాపం. వాయించింది నిజంగానే మంచి పియానిస్టులు. ఆ పొగడ్త అసలువాళ్లకు ఎందుకు రాలేదంటే వాళ్ల దగ్గర కథ లేదు.

కోయిర్ల, అంటే బృందగానం చేసేవాళ్ల, సంగతి ఇంకోలా ఉంటుంది. ఇటలీ స్వరకర్త అల్లెగ్రి రాసిన మిజెరెరే అనే ప్రార్థనా గీతానికి కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ వాళ్లు 1963లో చేసిన రికార్డింగు ఇప్పటికీ అందరి జాబితాల్లో ఉంటుంది. రాయ్ గుడ్‌మన్ అప్పుడు పిల్లవాడు, అందులోని బాగా పైస్థాయి స్వరాన్ని సునాయాసంగా అందుకుంటాడు. నాకూ ఇష్టమే. కానీ దాన్ని మెచ్చుకునే ప్రతివాడూ అది పదిహేడో శతాబ్దపు అల్లెగ్రి ప్రతిభ అన్నట్టు రాస్తాడు. ఆ పై స్వరం అల్లెగ్రి రాసిందే కాదు. 1831లో మెండెల్సన్ అనే జర్మన్ స్వరకర్త రోమ్‌లో పై శ్రుతిలో విని రాసుకున్న ముక్క, తర్వాత ఒక సంగీత నిఘంటువులో పొరపాటున మిగతాదానితో అతుక్కుని అలాగే స్థిరపడిపోయింది.

మరి సమీక్షలో చదవాల్సిందేమిటి? బాఖ్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ని పియానిస్టు గ్లెన్ గౌల్డ్ 1955లో సుమారు 38 నిమిషాల్లో, 1981లో సుమారు 51 నిమిషాల్లో రికార్డు చేశాడని, రెండోసారి వేగం తగ్గించి కొన్ని రిపీట్లు కలిపాడని, వాయిస్తూ కూనిరాగం తీస్తాడని రాస్తే అది నాకు పనికొస్తుంది. మనసు ద్రవించిందని రాస్తే పనికిరాదు. ఆర్గన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఏ ఊరిది, ఎవరు కట్టింది, చర్చిలో ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుంది, మైకులు దగ్గర పెట్టారా దూరమా, ఇవి చెప్పని సమీక్ష దండగ. ఆల్క్‌మార్ ఆర్గన్‌ను 1725లో ఫ్రాంజ్ కాస్పర్ ష్నిట్గర్ తిరిగి కట్టకపోతే వాల్ఖా గొంతులు అంత విడిగా వినబడేవి కావు. స్ట్రీమింగ్ యాప్‌లు ఈ ముక్క చెప్పి చావవు. బాఖ్ ఫొటో వేసి, వాయించినవాడి పేరు ఇరికించి, ఆర్గన్ పేరు మింగేస్తాయి. పైగా ఫోన్ స్పీకర్‌లో ఆర్గన్ విని బోర్ అనేవాళ్లొకరు! 32 అడుగుల గొట్టం పలికే అట్టడుగు స్వరం సెకనుకు దాదాపు 16 కంపనాలు. అది ఫోన్‌లో ఎక్కడినుంచి వస్తుందండీ?

ఇంతకీ ఎక్కడ మొదలుపెట్టాలని కదా. అందరూ చెప్పే బాఖ్ డి మైనర్ టొకాటా వద్దు. అది సినిమాల్లో దయ్యాల కోసం వాడీ వాడీ అరిగిపోయింది. వాల్ఖా ట్రియో సొనాటాలు పెట్టుకోండి, మంచి హెడ్‌ఫోన్స్‌తో. ముందు పాదాల వరుసను మాత్రమే పట్టుకుని వినండి, తర్వాత ఎడమచేతిని, తర్వాత కుడిచేతిని. కుట్టుమిషన్ లాగే అనిపిస్తే మొహమాటం లేకుండా తీసేసి ఇంకొకరిది పెట్టండి. సమీక్షలు తర్వాత చదువుకోవచ్చు.