చిన్న వర్క్‌షాప్‌ల ఏ జాబ్ ముందు ఎక్కియ్యాలె?

అన్నా, రెండు లేతులు (ఇనుమును తిప్పుకుంట చెక్కే మిషన్లు), ఒక మిల్లింగ్ మిషన్ (తిరిగే కట్టర్‌తోని కోసేది) ఉన్న షాపుల జాబులు, అంటే చేయనీకి వచ్చిన పనులు, వచ్చిన వరుసల చేయాల్నా, చిన్నయి ముందు చేయాల్నా, డెలివరీ డేట్ చూస్కోని చేయాల్నా అని అడిగిండ్రు కద. వరంగల్ల మడికొండ దిక్కు రైస్ మిల్లుల షాఫ్టులు, పుల్లీలు చేసే షాపు పదకొండేండ్ల సంది నడుపుతున్న, మూడూ చేసి చూసిన.

మొదట్ల వచ్చిన వరుసనే చేసినం. ఎవ్వలతోని పంచాది ఉండది, కని ఆరు గంటల జాబ్ ముందు ఎక్కితే దాని వెనక రెండు గంటలది, గంటది అట్లనే పడి ఉంటయి. అవి 6, 8, 9 గంటలకు అయితయి, సగటున 7 గంటల 40 నిమిషాలు. చిన్నయి ముందు పెడితే 1, 3, 9, అంటే సగటు 4 గంటల 20 నిమిషాలే. గా లెక్క చూసి నేను మొత్తం చిన్నయి ముందు పద్ధతికి మారిన.

యాసంగి వడ్లు వచ్చేటప్పుడు తెల్సింది దాని దెబ్బ. ఒక మిల్లాయనది వడ్లు పైకి ఎత్తే ఎలివేటర్ షాఫ్ట్, పెద్ద పని, రోజూ ఏదో ఒక చిన్న జాబ్ వచ్చుడు, అది వెనక్కి పోవుడు, తొమ్మిది రోజులు మూలకు ఉన్నది. ఆయన మిల్లు ముందట లారీలు లైన్ కట్టినయి. పొద్దుగాల వచ్చి షాఫ్ట్ మీద చెయ్యి పెట్టి చూసిండు, వేళ్లకు తుప్పంటింది, ఒక్క మాట అనకుంట పోయిండు. ఇప్పటికీ బాధైతది నాకు.

అప్పటి సంది డేట్ ప్రకారం. ఒక్క మిషన్ మీదైతే అన్నిట్ల ఎక్కువ లేటయ్యే జాబ్ లేటు తగ్గాల్నంటే ఇదే మంచిదని జాక్సన్ అనే ఆయన 1955ల రుజువు చేసిండు. కని వట్టి డేటే చూస్తే షాఫ్ట్, పుల్లీ, మళ్ల షాఫ్ట్ అని సెట్టింగ్ మార్చుడుకే పూట గడుస్తది. అందుకే రెండు రోజుల తేడా ఉన్నయి అయితే ఒక్క సెట్టింగ్ మీద కలిపి చేస్త.

అసలు సంగతి ఏందంటే మా దగ్గర ఆగేది లేతు కాడ కాదు, కీవే (పుల్లీ జారకుంట పట్టే కీ కూసునే గాడి) కొట్టే మిల్లింగ్ కాడ. రెండు జాబులూ ఒకే లేతు మీద అయ్యి మిల్లింగ్‌కు పోవాలె, ఒకదానికి లేతు మీద గంట, మిల్లింగ్ మీద మూడు గంటలు, ఇంకోదానికి లేతు మీద నాలుగు, మిల్లింగ్ మీద ఒకటి అనుకోండ్రి. మొదటిది ముందు ఎక్కిస్తే రెండూ 6 గంటలల్ల అయిపోతయి, తిప్పి పెడితే 8. ఇది 1954ల జాన్సన్ అనే ఆయన రెండు మిషన్ల పనికి చెప్పిన రూలే, అన్ని టైములల్ల చిన్నది చూడాలె, అది మొదటి మిషన్‌ది అయితే ఆ జాబ్ ముందుకు, రెండోదానిది అయితే చివరికి, మిగిలినయాటికి మళ్ల అట్లనే.

మీరు ముందుగాల ఒక వారం ఏ మిషన్ ముందట జాబులు కుప్ప పడుతున్నయో చూడుండ్రి, ఆ ఒక్క మిషన్‌కే బోర్డు మీద డేట్ల వరుస రాయుండ్రి. ఇంకోటి, ఏ జాబ్ అయినా ఐదు రోజులు దాటితే మేం దాని మీద ఎర్ర పెయింట్ చుక్క పెడ్తం, దాన్ని దాటి ఇంకోటి ఎక్కియ్యం, ఎవ్వలు ఫోన్ చేసినా సరే.