డాక్టర్ తమ్ముడికి ఇంకా నిద్ర పట్టడం లేదంటే

అక్కా, 2021 సెకండ్ వేవ్‌లో కోవిడ్ వార్డులో చేసిన మీ తమ్ముడు ఇప్పటికీ రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడని, అడిగితే కసురుకుంటున్నాడని రాశారు. అప్పుడు నేనూ ఐసీయూలోనే డ్యూటీ చేశాను. పీపీఈ కిట్‌లో చెమటకు గ్లౌజుల్లో వేళ్లు నానిపోయేవి. వీడియో కాల్‌లో కొడుకు "నాన్నా, నాన్నా" అంటుంటే పేషెంట్ ముఖం ముందు ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఆ పిలుపు ఇంకా వినిపిస్తుంది.

"మర్చిపో" అని మాత్రం అనకండి. పక్కన కూర్చుని, చెప్పినంత వినండి. ఇన్నాళ్లయినా తగ్గలేదంటే పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మనసును వదలకుండా వేధించే సమస్య) కావచ్చు, సైకియాట్రిస్ట్‌కు చూపించాలి. కౌన్సెలింగ్‌తో చాలామంది కోలుకుంటారు. సొంతంగా నిద్రమాత్రలు వాడుతుంటే (మా డాక్టర్లలో ఈ అలవాటు ఉంది) ఆ సంగతి దాచకుండా చెప్పమనండి. తెలిసిన డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయమనండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనిపిస్తోందని ఒక్కసారి అన్నా ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.