సమాధానం: రోజూ బాదం తిన్నా నాన్నగారి బీపీ తగ్గడం లేదు, పెప్టైడ్ పౌడర్ కొనాలా?

అడ్డుపడుతున్నది ఉప్పే అయి ఉంటుందండీ. మల్లేశ్వరంలో కొన్న సాల్టెడ్ బాదం, పిస్తా నెల రోజులుగా పెడుతున్నామన్నారు కదా.

1. ప్యాకెట్ వెనక సోడియం ఎంతుందో చూడండి. అందరూ వదిలేసేది ఇదే. బాదం పప్పు పట్టుకుంటే వేళ్లకు తెల్లటి పొడి అంటుతోందా? అదంతా ఉప్పే. రోజు మొత్తానికి, సాంబారు, పచ్చడి కలిపి, ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలి.

2. ఉప్పు లేని బాదం, అక్రోట్లు గుప్పెడు, సుమారు 30 గ్రాములు, బాగా నమిలి తినమనండి. పల్లీలైనా మంచివే.

3. పౌడర్ వద్దు. బాదం, అక్రోట్లలోని ప్రోటీన్‌ను మన జీర్ణరసాలే పెప్టైడ్‌లుగా, అంటే చిన్న చిన్న ముక్కలుగా, విడగొడతాయి. అవి బీపీ పెంచే ఏసీఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయన్నది ఎక్కువగా ల్యాబ్‌లో, ఎలుకల్లో చూసిన సంగతి.

బీపీ మాత్ర ఆపేయొచ్చా అన్నారు, దయచేసి ఆపకండి. రీడింగులు రాసుకుని డాక్టర్‌కు చూపించండి.