నానోపార్టికల్ సంగతి తర్వాత, ముందు ప్లేట్‌లెట్స్‌ని కంగారు పెట్టకు

తమ్ముడూ,

మందు మోసే నానోపార్టికల్స్ రెడీ అయ్యాయి, ఇక మనిషి ప్లేట్‌లెట్స్ (రక్తం గడ్డ కట్టించే కణాలు) మీద వాటి ప్రభావం చూస్తానన్నావు కదా, మంచిదే, కానీ సగం మంది ఫలితాలు రక్తం తీసే దగ్గరే పాడైపోతాయి. 2, 3 మైక్రాన్ల ఆ కణాలు అత్తిపత్తి ఆకుల టైపు, నీ పార్టికల్ తగలకముందే నీ చెయ్యి తగిలి ముడుచుకుంటే ఇంక దేన్ని కొలుస్తావు?

డోనర్ గత 10 రోజుల్లో ఆస్పిరిన్ వేసుకున్నారేమో తప్పకుండా అడుగు. ప్లేట్‌లెట్‌కి న్యూక్లియస్ లేదు, ఆస్పిరిన్ దెబ్బతీసిన ఎంజైమ్‌ని మళ్ళీ తయారుచేసుకోలేదు, అలాగే బతికేస్తుంది. మొదటి ట్యూబ్ రక్తం పక్కన పెట్టేసి తర్వాతది, రక్తం గడ్డ కట్టకుండా ఆపే సిట్రేట్ ఉన్న ట్యూబ్‌లోకి తీసుకో. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, చలికే యాక్టివేట్ అవుతాయి, రూమ్ టెంపరేచర్‌లో ఉంచి 4 గంటల్లోపు ముగించెయ్. సెంట్రిఫ్యూజ్ 200 జీ (భూమి ఆకర్షణకి 200 రెట్లు) దగ్గర చాలు, బ్రేక్ వెయ్యొద్దు.

ఇక పార్టికల్ విషయం. పైన అమైన్ గ్రూపులుండి పాజిటివ్ ఛార్జ్ ఎక్కువుంటే అనుమానించాల్సిందే, అలాంటి డెండ్రిమర్లు (కొమ్మలు కొమ్మలుగా ఉండే పాలిమర్ అణువులు) ప్లేట్‌లెట్స్‌ని గుంపు కట్టించడం బాగా తెలిసిన సంగతే. పెగ్ (పాలిఇథిలిన్ గ్లైకాల్ అనే పాలిమర్) పూత కొంత కాపాడుతుంది గానీ దాన్ని చూసి ధీమా పడకు. ప్లాస్మా పోయేలా కడిగిన ప్లేట్‌లెట్స్‌తో ఒకటి, ప్లాస్మాలో ఉన్నవాటితో ఒకటి, రెండూ చెయ్యి, ఎందుకంటే ప్లాస్మాలో పార్టికల్ చుట్టూ ప్రోటీన్ల పొర కట్టేస్తుంది, అప్పుడు ప్లేట్‌లెట్‌కి కనపడేది నువ్వు చేసిన ఉపరితలం కాదు, ఆ పొర.

అందరూ పార్టికల్ వల్ల గడ్డ కడుతోందా అని మాత్రమే చూస్తారు, నాకు చిరాకు అదే. ప్లేట్‌లెట్స్‌ని రెచ్చగొట్టే ఏడీపీ, కొల్లాజెన్ ఇచ్చినప్పుడు మామూలుగా కట్టాల్సిన గడ్డని నీ పార్టికల్ ఆపేస్తోందేమో కూడా చూడు, పేషెంట్‌కి రక్తస్రావం అయినా ప్రమాదమేగా. ప్లేట్‌లెట్స్ గుంపు కట్టడాన్ని కొలిచే అగ్రిగోమీటర్ చూసేది వెలుతురు ఎంత దాటిందనే, నీ పార్టికల్స్ కూడా వెలుతురుని చెదరగొడతాయి, అందుకే ప్లేట్‌లెట్స్ లేని ప్లాస్మాలో పార్టికల్ ఒక్కటీ వేసి ఒక రన్ తియ్యి. కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్‌తో చూసే ఫ్లో సైటోమెట్రీలో, ప్లేట్‌లెట్ యాక్టివేట్ అయితే పైకొచ్చే సీడీ62పీ ప్రోటీన్ కూడా చూసుకో, పార్టికల్‌కి సొంత ఫ్లోరెసెన్స్ ఉంటే వేరే రంగు డై తీసుకో. ఎలుక రక్తంలో బావుంది కదా అని వదిలెయ్యకు, గడ్డ కట్టించే త్రాంబిన్ ఎంజైమ్‌ని పసిగట్టడానికి మనిషి ప్లేట్‌లెట్ మీదుండే పార్1 రిసెప్టర్ ఎలుక ప్లేట్‌లెట్ మీద లేదు.

అగ్రిగోమీటర్ కర్వ్‌లు వచ్చాక పంపు, ఆ ప్లేట్‌లెట్స్ లేని రన్ కూడా కలిపి పంపు, నేను ముందు చూసేది దాన్నే.