పసిబిడ్డల శ్వాస లెక్కింపు

ప్రశ్న: నేను ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సును. దగ్గుతో వచ్చిన బిడ్డకు న్యుమోనియా ఉందేమోనని ఎక్స్‌రే లేకుండా అనుమానించడం ఎలా?

జవాబు: బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు, చొక్కా పైకెత్తి, శ్వాసను పూర్తిగా ఒక నిమిషం పాటు లెక్కించండి, పసివారి ఊపిరి ఒకే తీరుగా సాగదు కాబట్టి, 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేసే అలవాటు, రద్దీ వేళ ఎంత సులువనిపించినా, సరికాదు. నిమిషానికి 2 నుంచి 12 నెలల లోపు వారిలో 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వారిలో 40, లేదా అంతకు మించి ఉంటే శ్వాస వేగంగా ఉన్నట్టే, న్యుమోనియా అని అనుమానించాలి. రెండు నెలలు నిండని బిడ్డలో 60 లేదా ఎక్కువ వస్తే మళ్లీ లెక్కించి, అంతే ఉంటే వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఏ వయసులోనైనా పాలు తాగలేకపోవడం, ఫిట్స్, మత్తుగా పడి ఉండడం కనిపిస్తే లెక్క కోసం ఆగకండి.