కేసు స్క్రీన్‌ది కాదు, ఫ్యాన్‌ది

ప్రశ్న: లాయర్ గారూ, మాది ఖమ్మం. యానిమేషన్ చదివే మా అమ్మాయికి 2024 ఆగస్టు 19న లక్షా 42 వేలకు ఓఎల్ఈడీ స్క్రీన్ ల్యాప్‌టాప్ ఆన్‌లైన్‌లో కొన్నాను. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బు. నాలుగు నెలలకే విపరీతంగా వేడెక్కడం మొదలైంది. 2025 జనవరి 9న సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ‘అప్‌డేట్ చేశాం’ అని తిరిగిచ్చారు. జూన్‌కి స్క్రీన్ అడుగున పసుపు మరక, టాస్క్‌బార్ నీడ పడ్డాయి. జూలైలో ‘ఇది బర్న్-ఇన్, వారంటీ రాదు, ప్యానెల్‌కి 46 వేలు’ అన్నారు. అప్పటినుంచి మెయిళ్లు పెడుతూనే ఉన్నాను. అమ్మాయి ఏడవని రోజు లేదు. మా వీధిలో రిపేర్లు చేసే కుర్రాడు 1,500 ఇస్తే విప్పి, చిప్ వేడిని లాగే పేస్ట్ మార్చి వేడి తగ్గిస్తానంటున్నాడు. కేసు వేస్తే పది లక్షలైనా వస్తాయా?

జవాబు: ముందు ఆ కుర్రాడికి ల్యాప్‌టాప్ ఇవ్వకండి. మిగతాది తర్వాత.

మీ ఉత్తరం రెండు పేజీలు. పేజీన్నర గాజులు, అమ్మాయి ఏడుపు. కేసును తేల్చేది మాత్రం మీరు వెనక పిన్ను కొట్టి పంపిన మొదటి జాబ్ షీట్‌లోని, అంటే సర్వీస్ సెంటర్ వాళ్లు కంప్లైంట్ రాసిచ్చిన కాగితంలోని ఒక్క లైను: ‘వేడి, ఫ్యాన్ శబ్దం’. తేదీ జనవరి 9. అందులో ఏం రాశారో మీరు చదివినట్టే లేదు.

మీరు స్క్రీన్ మీద పోట్లాడుతున్నారు. అక్కడ కంపెనీ గట్టిగా ఉంది. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. ఒకే బొమ్మ గంటల తరబడి కదలకుండా ఉంటే అక్కడి చుక్కలు ముందే అరిగి, నీడ మిగిలిపోతుంది. బర్న్-ఇన్ అంటే ఇదే. చాలా వారంటీ పత్రాలు దీన్ని వాడకం వల్ల వచ్చిన అరుగుదల కింద కొట్టేస్తాయి. మీరు సంతకం పెట్టిన జూలై షీట్‌లో ఉన్నదీ అదే. కానీ ఆ చుక్కలు వేడికి ఇంకా త్వరగా పాడవుతాయి. లోపలి వేడిని బయటికి తోసే ఫ్యాన్, హీట్ సింక్ మొదటినుంచీ సరిగా లేవని తేలితే, మరక దాని పర్యవసానమని వాదించవచ్చు.

కంపెనీ లాయరు ఖమ్మం ఎండలెత్తుతాడు. చాలా మాన్యువళ్లలో గది వేడి 35 డిగ్రీలు దాటకూడదని ఉంటుంది. జూన్‌లో కనిపించిన మరకకి ఆ వాదన అతుకుతుంది. జనవరి కంప్లైంట్‌కి అతకదు. మనం రగ్గు కప్పుకునే రోజుల్లో మిషన్ వేడెక్కిందని వాళ్ల కాగితమే చెబుతోంది.

ఇప్పుడు ఆ పేస్ట్ సంగతి. మారిస్తే వేడి తగ్గినా తగ్గుతుంది. అదే ప్రమాదం. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ వస్తువును ల్యాబ్‌కి పంపుతుంది. అక్కడికి చేరేసరికి స్క్రూల మీద గీతలు, లోపల కొత్త పేస్ట్ ఉంటే ‘బయటివాళ్లు విప్పారు’ అని ఒక్క ముక్కతో ముగిస్తారు. లోపం ఉందని చూపించాల్సింది మీరు. ఆ సాక్ష్యాన్ని డబ్బిచ్చి మరీ చెరిపించుకుంటారా?

కేసు వేసే గడువు అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. మొదటి కంప్లైంట్ నుంచి లెక్కేస్తే 2027 జనవరి దాకా ఉందని వాదించవచ్చు. తయారీ లోపమంటున్నారు కాబట్టి కొన్న రోజునుంచే లెక్కేయాలని వాళ్లంటారు. నేనైతే ఆ తగాదాకి చోటివ్వను, 2026 ఆగస్టు 18 లోపే ఫైల్ చేస్తాను. మీ ఉత్తరం నాకు చేరిందే 2026 జూన్‌లో. దాదాపు ఏడాది మెయిళ్లు రాస్తూ కూర్చున్నారు! మెయిల్ పెట్టినంత మాత్రాన గడువు ఆగదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా ఆగదు. తగిన కారణముంటే కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, ‘చేస్తారేమోనని చూశాను’ అన్నది తగిన కారణమవుతుందని నేను హామీ ఇవ్వలేను.

ఇంకో నిర్వాకం. బిల్లు మీ ఎరువుల షాపు జీఎస్‌టీ నంబరు మీద ఉంది. 18 శాతం కలిసొస్తుందని ఎవరు చెప్పారో గానీ, ‘వ్యాపారానికి కొన్నాడు, వినియోగదారుడే కాదు’ అనే అభ్యంతరాన్ని మీరే అందించారు. దాన్ని నిరూపించే భారం వాళ్లదేనని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. కానీ మీరు ఆ పన్ను క్రెడిట్ తీసుకుని, అంటే షాపు కట్టాల్సిన జీఎస్‌టీలో తగ్గించుకుని ఉంటే ఆ భారం సగం మీరే మోసిపెట్టినట్టు. ఈ వారమే ఆడిటర్‌ని కలిసి అది సరిచేయించుకోండి. అమ్మాయి కాలేజీ ఐడీ, ఫీజు రసీదులు దగ్గర పెట్టుకోండి.

మీరు పంపిన ఫోటోలో ల్యాప్‌టాప్ బొంత మీద ఉంది, కింద గాలి రంధ్రాలన్నీ మూసుకుపోయి. అడిగితే అబద్ధం చెప్పొద్దు. బల్ల మీద పెట్టినా వేడెక్కుతోందని చూపించండి. గది థర్మామీటర్, ప్రాసెసర్ వేడి చూపే ప్రోగ్రామ్ రెండూ కనిపించేలా అరగంట ఆపకుండా వీడియో తీయండి. ఒరిజినల్ ఫైలు ఫోన్‌లోనే ఉంచండి, వాట్సాప్‌లో పంపిన కాపీ పనికిరాదు. కమిషన్‌లో సాక్ష్యం నిబంధనలు అంత బిగువుగా నడవకపోయినా, ఎలక్ట్రానిక్ రికార్డులకి ఇచ్చే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేస్తే నోరెత్తడానికి ఉండదు.

తర్వాత తయారీదారుకి, అమ్మినవాళ్లకి 15 రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. దారికి రాకపోతే ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా సరే. వినియోగదారుల కేసులకున్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా ఫైల్ చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఫ్యాన్, హీట్ సింక్, ప్యానెల్ ఉచితంగా మార్చాలి, లేదా ధర వాపసివ్వాలి, ఖర్చులివ్వాలి అని అడగండి. ల్యాబ్ పరీక్షకి పిటిషన్ కూడా అప్పుడే వేయండి. పది లక్షల మాట రాయకండి, అసలు కేసు పలచబడుతుంది.

నోటీసు అందాక సర్వీస్ సెంటర్ నుంచి ‘తెచ్చివ్వండి సార్, చూస్తాం’ అని ఫోన్ రావచ్చు. ఇచ్చేటప్పుడు జాబ్ షీట్‌లో ‘వేడి’ అన్న మాట రాయించి, ల్యాప్‌టాప్‌కి నాలుగు వైపులా ఫోటో తీయండి. తిరిగిచ్చేటప్పుడు కంప్లైంట్ మూసేయడానికి ఓటీపీ అడిగితే, అక్కడే అరగంట నడిపి చూశాకే చెప్పండి.