గుర్రం వీపు మీద ఉన్నది గజ్జి కాదు, జీను ఒరిపిడి పుండు. ముందు ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించండి

ప్రశ్న: మాది పాడేరు ఏజెన్సీలో కొండ మీద ఊరు, రోడ్డు లేదు. కాఫీ, మిరియాలు, అల్లం సంతకి గుర్రం మీదే దింపుతాం. రెండు నెలలుగా గుర్రం వీపు మీద గజ్జి వచ్చి పుండు పడింది. మందుల షాపులో అమిట్రాజ్ ఇచ్చారు, మూడుసార్లు పిచికారీ చేసినా తగ్గలేదు. మేకల కాపలా కుక్కకి కూడా మెడ చుట్టూ అదే గజ్జి అంటుకుంది. ఇంకేం మందు కొట్టాలి? అలాగే వానకి ఎండకి తట్టుకుని రోజూ వాడినా నాలుగేళ్ళు ఆగే జీను, కళ్ళెం, కుక్క బెల్టు ఏవి కొనుక్కోవాలో చెప్పండి. ఫోటోలు పెట్టాను.

జవాబు: మీ ఫోటోలు పెద్దవి చేసి చూశానండి. అది గజ్జి కాదు, అంటుకునే రోగం అసలే కాదు. మూపు మీద వెన్నుపూసకి అటు పక్క ఒకటి ఇటు పక్క ఒకటి సరిగ్గా ఎదురెదురుగా రెండు పుళ్ళున్నాయి, చుట్టూ వెంట్రుకలు తెల్లబడిపోయాయి. గజ్జి అలా కొలిచినట్టు రెండు వైపులా రాదు. ఒత్తిడికి వెంట్రుక కుదురు దెబ్బతింటే మళ్ళీ వచ్చే వెంట్రుక తెల్లగా వస్తుంది, అంటే ఇది రెండు నెలల కథ కాదు, అంతకు ముందు నుంచే అక్కడ నొక్కుతోంది. రెండో ఫోటోలో మీ జీను కింద యూరియా సంచి మడతపెట్టి వేశారు, తాడు ముడి సరిగ్గా పుండు ఉన్న చోటే కూర్చుంది, కనపడుతూనే ఉంది కదా. కుక్కది కూడా అంతే, నైలాన్ తాడు మెడలో దిగబడి కోసుకుపోయింది. రెండింటికీ ఒకే గజ్జి రాలేదు, రెండింటికీ కట్టు సరిగ్గా లేదు, అంతే.

అమిట్రాజ్ మాత్రం వెంటనే ఆపేయండి. అది పశువులకి, కుక్కలకి పిడుదుల మందు, గుర్రానికి వాడకూడదు. గుర్రానికి పేగుల కదలిక ఆగిపోయి పేడ గట్టిపడి కడుపునొప్పితో చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఇప్పుడు పేడ మామూలుగా వేస్తోందా? పేడ తగ్గినా, మేత మానేసినా, డొక్క వైపు తిరిగి తిరిగి చూసుకుంటున్నా, ఆలస్యం చెయ్యకుండా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేసి డాక్టర్ని రప్పించండి. ఏ జంతువుకో, ఏం జబ్బో చూడకుండా పుండంటే ఒక సీసా, దురదంటే ఒక సీసా చేతిలో పెట్టే షాపు వాళ్ళ సలహా మీద పశువుల్ని పెంచొద్దండి. పురుగు మందు అమ్మేవాడు పశువైద్యుడు కాడు. పుండులో పురుగులు పడితే పంటలకి వేసే ఫోరేట్ గుళికలు పోసే వాళ్ళు ఇంకా ఉన్నారు, ఆ మందు దేశంలో నిషేధించి ఏళ్ళయింది, అది పురుగుతో పాటు గుర్రాన్నీ చంపుతుంది. కిరసనాయిలు, కాలిన ఇంజనాయిలు, ఫినాయిల్ ఇవేవీ పుండులో పొయ్యొద్దు.

చెయ్యాల్సింది ఇది. పుండు చుట్టూ వెంట్రుక కత్తిరించండి. లీటరు నీళ్ళు మరగకాచి చల్లార్చి 9 గ్రాముల ఉప్పు కలిపి ఆ నీళ్ళతో రోజుకి రెండుసార్లు ధారగా కడగండి. తర్వాత 5 శాతం పోవిడోన్ అయోడిన్ 20 మి.లీ. లీటరు నీళ్ళలో కలిపి పోయండి, పల్చటి టీ రంగులో ఉండాలి, చిక్కగా పోస్తే త్వరగా మానుతుందనుకోవద్దు, కొత్త చర్మం మాడిపోతుంది. ఈగలు రాకుండా 90 మి.లీ. కొబ్బరి నూనెలో 10 మి.లీ. వేపనూనె కలిపి పుండు చుట్టూ రాయండి, పుండులో కాదు. పుండు పూర్తిగా మూసుకుని వెంట్రుక వచ్చేదాకా జీను పెట్టొద్దు, మూడు నాలుగు వారాలైనా పడుతుంది. కాఫీ కోత టైంలో కష్టమే, తెలుసు, కానీ సగం మానిన పుండు మీద ఒక్క సంతకి బరువేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మూపు మీద వాపు మెత్తగా ఉండి లోపల నుంచి చీము కారుతుంటే మాత్రం మీరు నొక్కొద్దు, చేతులు పెట్టొద్దు, అందులో మనుషులకి కూడా అంటుకునే బ్రుసెల్లా అనే క్రిమి ఉండొచ్చు, డాక్టరే చూడాలి.

ఇప్పుడు అసలు విషయం. మీరు జీను గురించి, మందు గురించి అడిగారు, ధనుర్వాతం టీకా గురించి ఒక్క ముక్క రాయలేదు. రెండు నెలల నుంచి వీపు మీద పుండు పెట్టుకుని పేడలో మట్టిలో పొర్లుతున్న గుర్రం అది. ధనుర్వాతం క్రిమి ఉండేదే పేడలో, మట్టిలో, పైగా మనం పెంచే జంతువుల్లో గుర్రానికి వచ్చినంత సులువుగా ఇది ఇంక దేనికీ రాదు. నడక బిగుసుకుపోవడం, తోక ఎత్తి పెట్టడం, కంటి మూల నుంచి తెల్లటి పొర కంటి మీదకి రావడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, తర్వాత దవడ బిగుసుకుపోవడం, ఇవీ దాని గుర్తులు. అక్కడిదాకా వస్తే చాలావరకు బతకవు. టీకా ఖర్చు మీరు కొనబోయే జీనులో పదోవంతు కూడా ఉండదు. డాక్టర్ని అడిగి ఈ వారమే యాంటీటాక్సిన్ (వెంటనే కాపాడే విరుగుడు మందు) 1500 యూనిట్లు, దాంతో పాటే వేరే చోట టాక్సాయిడ్ (అసలు టీకా ఇదే) 1 మి.లీ. కండకి వేయించండి, 4 వారాలకి టాక్సాయిడ్ రెండో డోసు, ఆ తర్వాత ఏడాదికోసారి. చూడి గుర్రమైతే ఈనడానికి 4 నుంచి 6 వారాల ముందు ఒకటి. టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, కొండ ఎక్కించేటప్పుడు ఐసు వేసిన ఫ్లాస్కులో తేవాలి. షాపు బల్ల మీద వేడికి పడున్న సీసా వేయించినా వేయించనట్టే. లాడం కొట్టేటప్పుడు మేకు గుచ్చుకున్నా ఇదే భయం, కాబట్టి ఏడాది డోసు తప్పించొద్దు.

ఇక సామాను సంగతి. ఎన్నేళ్ళు ఆగుతుంది అని అడిగే ముందు మీ గుర్రానికి సరిపోతుందా అని చూడాలి, సరిపోని జీను గట్టిదయ్యేకొద్దీ పుండూ పెద్దదవుతుంది. బరువు మోసే జీనుకి వెన్నుపూసకి అటు ఇటు రెండు దిండ్లు ఉండి మధ్యలో మూడు వేళ్ళు దూరేంత గాడి ఉండాలి. బరువు వేశాక కూడా మూపుకీ జీనుకీ మధ్య వేళ్ళు దూరాలి. ఇది నా సొంత నియమం కాదు, మూపు మీద జీను నేరుగా ఆనకూడదని 1965 పశు హింస నివారణ నియమాల్లోనే ఉంది. దిండ్లని గోనెగుడ్డతో కుట్టించి ఎండిన వరిగడ్డి గట్టిగా కూరండి, ఏడాదికోసారి గడ్డి మార్చండి. కింద మందపాటి నూలు దుప్పటి వేయండి, యూరియా సంచి, ప్లాస్టిక్ వద్దు, చెమట ఆరక చర్మం నాని ఊడొస్తుంది. కడుపు కింద కట్టడానికి తాడు కాకుండా మంచాలకి వాడే 3 అంగుళాల నవారు పట్టీ తీసుకోండి, గుర్రం ముందుకాలి మోచేతి వెనక నాలుగు వేళ్ళు వదిలి కట్టి, ఒకేసారి బిగించకుండా నాలుగడుగులు నడిపించాక మళ్ళీ బిగించండి. మీది కొండ దారి కాబట్టి రొమ్ము పట్టీ, తోక కింద పట్టీ రెండూ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు జీను మొత్తం మూపు మీదకి జారిపోతుంది, మీ పుండుకి సగం కారణం అదేనని నా అనుమానం.

బరువు కూడా చూసుకోండి. నియమాల ప్రకారం పొట్టి గుర్రానికి 70 కిలోలు దాటకూడదు, కొండ మీద అదీ ఎక్కువే. ఛాతీ చుట్టుకొలతని దాంతోనే గుణించి, భుజం నుంచి పిరుదు దాకా పొడవుతో గుణించి 11880తో భాగిస్తే గుర్రం బరువు కిలోల్లో వస్తుంది, కొలతలు సెంటీమీటర్లలో తీసుకోవాలి. చుట్టుకొలత 135, పొడవు 130 అయితే సుమారు 200 కిలోలు. అలాంటి గుర్రానికి 40 నుంచి 50 కిలోలు చాలు, రెండు వైపులా సమానంగా తూచి వెయ్యాలి. మీ ఫోటోలో కుడి పక్క బస్తా కిందకి జారి కనపడుతోంది.

తోలా నైలానా అంటే, మీ దగ్గర వాన నెలల తరబడి పడుతుంది, తోలు బూజు పడుతుంది, గెడ్డ (వాగు) దాటితే నానుతుంది. తోలు సామానే కావాలంటే నీడలో ఆరబెట్టి నెలకోసారి ఆముదం పట్టించే ఓపిక ఉండాలి, కిర్రు చెప్పులకి పట్టించినట్టే. అంత ఓపిక లేకపోతే నవారు, నైలాన్ పట్టీలే నయం. కాన్పూరు తోలు జీన్లకి మంచి పేరుంది, జిఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే) గుర్తింపు కూడా ఉంది, కానీ అవి ఎక్కువగా స్వారీకి చేసేవి, మీ బస్తాలకి కాదు. అసలు పట్టీల కన్నా ముందు పోయేది బకిల్, రింగులే. అయస్కాంతం దగ్గర పెట్టండి, గట్టిగా అంటుకుంటే పైన పూత, లోపల ఇనుము, ఒక్క వానాకాలానికి తుప్పు పట్టి తోలుని కూడా తినేస్తుంది. ఇత్తడి అంటుకోదు. నడిపించుకుపోయే గుర్రానికి నోట్లో ఇనప కడ్డీ అక్కర్లేదు, మెత్తటి ముఖపట్టీ చాలు, ముళ్ళున్న కడ్డీ వాడితే చట్టప్రకారం నేరం. సంతలో పాత జీను చవగ్గా వచ్చిందని మాత్రం కొనొద్దు. గ్లాండర్స్ అనే అంటురోగం ఉన్న గుర్రానికి వాడింది అయితే మీ గుర్రంతో పాటు మీకూ ప్రమాదం.

కుక్కకి మెడలో తాడు కోసి తీసేసి పుండు అలాగే ఉప్పునీళ్ళతో కడగండి, లోతుగా దిగితే డాక్టరే తియ్యాలి. మానాక అంగుళం వెడల్పు చదును నైలాన్ పట్టీ, రెండు వరసల కుట్టు, సందు లేకుండా అతికిన ఇత్తడి రింగు చూసి కొనండి. మెడకీ పట్టీకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి, వారానికోసారి చెయ్యి పెట్టి చూడాలి, ఎదిగే పిల్ల అయితే ఇంకా తరచుగా. జారుముడి ఎప్పుడూ వద్దు. గొలుసు కడితే మెలితిరిగే కొక్కెం ఉన్నది తీసుకోండి. రేబిస్ టీకా సంగతి కూడా మీరు రాయలేదు, మేకల మంద దగ్గర తిరిగే కుక్కకి మూడో నెలలో ఒకటి, తర్వాత డాక్టరు చెప్పిన బూస్టరు, ఆపైన ఏటా తప్పనిసరి. ప్రతి జులై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, కానీ ఇంతవరకు వెయ్యకపోతే జులై దాకా ఆగొద్దు, గుర్రానికి డాక్టరు వచ్చిన రోజే దీనికీ వేయించండి. పది రోజుల తర్వాత పుండు ఫోటో మళ్ళీ పంపండి, జీను పెట్టిన ఫోటో కాదు, పెట్టని ఫోటో.